కారులో యాంప్ బిగించడం ఎలా, బిగించాక కూత పెడితే ఏం చేయాలి

నా పాత స్విఫ్ట్‌లో మొదటిసారి యాంప్లిఫయర్ పెట్టించినప్పుడు పాటతో పాటు ఇంకో గొంతు కూడా వినిపించేది. యాక్సిలరేటర్ తొక్కితే ‘కుయ్య్’ అంటూ పైకి లేచేది, కాలు తీస్తే దిగిపోయేది. బిగించిన షాపుకే తీసుకెళ్లాను. ‘యాంప్ పోయింది సార్, కొత్తది వేయాలి’ అన్నారు. జేబు తడుముకుని ఇంటికొచ్చేశాను. వారం తర్వాత ఒక ఆదివారం డిక్కీలో కార్పెట్ ఎత్తి చూస్తే, ఎర్త్ వైరు లగ్గు (వైరు చివర ఉండి బోల్టు కింద బిగించే లోహపు కొన) కింద కంపెనీ పెయింటు చెక్కుచెదరకుండా మెరుస్తోంది. ఇనుముకు ఆనాల్సిన లగ్గు రంగుకు ఆనుకుని కూర్చుంది. ఉప్పుకాగితం ముక్కతో పది నిమిషాలు గీకి మళ్లీ బిగిస్తే కూత మాయం. ఆ ‘పోయిన’ యాంపే చాలా కాలం పాడింది.

యాంప్ మీద వేసే నిందల్లో సగానికి పైగా వైర్లకు చెందాల్సినవని అప్పటి నుంచి నా అభిప్రాయం. అందుకే ఈ పనికి దిగేవాళ్లకు నేను ముందు కొనమనేది మల్టీమీటరు. మామూలు డిజిటల్ మీటరు చాలు, ఖరీదైనది అక్కర్లేదు.

మాట్లాడుకోవడానికి వీలుగా ఒక మామూలు సెటప్ తీసుకుందాం. ఒక నాలుగు ఛానళ్ల యాంప్. ముందు రెండు ఛానళ్లు ముందు డోర్లలోని స్పీకర్లకు, వెనుక రెండూ కలిపి అంటే బ్రిడ్జ్ చేసి డిక్కీలోని ఒక వూఫర్‌కు. ఒక్కో ఛానల్ 50 వాట్లు, బ్రిడ్జ్ చేస్తే 150 వాట్లు. చిన్న కారుకు ఇది ధారాళంగా సరిపోతుంది.

అట్ట పెట్టె మీది వాట్లు నమ్మకండి

పెట్టె మీద ‘2000 వాట్స్’ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. లోపలి కాగితంలో ఆర్‌ఎంఎస్ వాట్లు, అంటే ఆగకుండా ఇవ్వగలిగేవి, ఎంతో చూడండి, లెక్కకు వచ్చేది అదే. కాగితం కూడా అబద్ధమాడుతోందని అనుమానం వస్తే యాంప్‌ను తిప్పి దాని మీదున్న ఫ్యూజులు చూడండి. రెండు 15 ఆంపియర్ల ఫ్యూజులు ఉన్నాయనుకోండి, మొత్తం 30. ఇంజిన్ నడుస్తుంటే కారులో ఉండేది సుమారు 14 వోల్టులు. 30ని 14తో గుణిస్తే 420 వాట్లు. ఆ యాంప్ ఆగకుండా లోపలికి తీసుకోగలిగేదే అంత. అందులో కొంత వేడిగా పోతుంది. క్లాస్ డి రకమైతే దాదాపు ఎనభై శాతం స్పీకర్లకు చేరుతుంది, పాత క్లాస్ ఏబీ రకమైతే యాభై అరవై శాతం. ఇక 2000 ఎక్కడి నుంచి వస్తాయి?

మన సెటప్‌కు మొత్తం 250 వాట్లు కావాలి. క్లాస్ ఏబీ యాంప్ అయితే ఫుల్ సౌండ్‌లో 30 ఆంపియర్ల పైచిలుకు లాగుతుంది. దానికి 8 గేజ్ రాగి వైరు సరిపోతుంది. చదరపు మిల్లీమీటర్లలో చెప్పాలంటే సుమారు ఎనిమిదిన్నర, అంటే షాపులో దొరికే 10 స్క్వేర్ ఎంఎం వైరు నిశ్చింతగా వాడొచ్చు.

వైరు దగ్గర మోసం ఎక్కువ. ‘యాంప్ కిట్’ పేరుతో అమ్మే లావుపాటి వైర్లలో చాలావాటికి లోపల అల్యూమినియం ఉంటుంది, పైన రాగి పూత. చూపుకు తేడా తెలియదు. ఒక పోగును బ్లేడుతో గీకండి, తెల్లగా మెరిస్తే అల్యూమినియమే. అది పనికిరాదని కాదు, అదే మందంలో రాగి కంటే తక్కువ కరెంటు మోస్తుంది కాబట్టి ఒక సైజు లావుది తీసుకోవాలి. హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లినా, విజయవాడ ఆటోనగర్‌కు వెళ్లినా కౌంటర్ దగ్గరే ఒక పోగు గీకి చూపించమనండి. అలా అడగగానే కొందరు వేరే చుట్ట తీసి ముందు పెడతారు.

బ్యాటరీ నుంచి డిక్కీ దాకా

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ మైనస్ విప్పండి. ప్లస్ కాదు, మైనస్ ముందు. ప్లస్ విప్పుతూ స్పానరు పొరపాటున బాడీకి తగిలిందంటే వెల్డింగ్ రవ్వలే. మైనస్ ముందే తీసేస్తే ఆ భయం ఉండదు. కొన్ని కార్లలో బ్యాటరీ తీస్తే కంపెనీ డెక్ (డాష్‌బోర్డులోని మ్యూజిక్ సిస్టమ్) మళ్లీ కోడ్ అడుగుతుంది, అది దగ్గర ఉంచుకోండి. హైబ్రిడ్ కారైతే నారింజ రంగు తొడుగున్న కేబుళ్ల జోలికి అసలు వెళ్లకండి.

ప్లస్ వైరుకు బ్యాటరీ నుంచి 45 సెంటీమీటర్ల లోపే ఒక ఫ్యూజ్ పెట్టాలి. యాంప్ మీద ఫ్యూజ్ ఉంది కదా, మళ్లీ ఇదెందుకని చాలామంది వదిలేస్తారు. యాంప్ మీది ఫ్యూజ్ యాంప్ కోసం. ఇది వైరు కోసం. ఆ వైరు కారు పొడుగునా నాలుగైదు మీటర్లు రేకుల మధ్య నుంచి వెళ్తుంది. ఎక్కడో ఒక అంచుకు రాసుకుని తొడుగు చిరిగితే బ్యాటరీ మొత్తం ఆ ఒక్క చోట కుమ్మరిస్తుంది, కార్పెట్ అంటుకోవడానికి ఎంతోసేపు పట్టదు. మన లెక్కకు 40 ఆంపియర్ల ఫ్యూజ్ వేయండి. ఫ్యూజ్ హోల్డర్ బిగించి, ఫ్యూజ్ మాత్రం తీసి జేబులో పెట్టుకోండి. అన్నీ అయ్యాకే దాని పని.

ఇంజిన్ వైపు నుంచి లోపలికి రావడానికి కంపెనీ వైర్లు దూరే రబ్బరు గ్రోమెట్ ఒకటి ఉంటుంది, దాన్నే వాడుకోండి. కొత్త రంధ్రం వేయాల్సి వస్తే అవతల ఏముందో చూడకుండా డ్రిల్ పట్టుకోవద్దు, వేశాక రబ్బరు తొడగకుండా వైరు దూర్చొద్దు. డాష్‌బోర్డు కింద పసుపు కనెక్టర్లు, పసుపు తొడుగు ఉన్న వైర్లు కనిపిస్తే అవి సాధారణంగా ఎయిర్‌బ్యాగ్‌వి, వాటికి దూరంగా పోనివ్వండి. బ్రేక్, క్లచ్ పెడళ్లకు వైరు తగలకూడదని వేరే చెప్పక్కర్లేదు.

ఇక్కడి నుంచి ప్లస్ వైరు ఒక పక్క తలుపుల కింద, డెక్ నుంచి యాంప్‌కు పాట సిగ్నల్ మోసే ఆర్‌సీఏ కేబుళ్లు ఇంకో పక్క తలుపుల కింద నడవాలి. గడప ప్లాస్టిక్కులు చేత్తో లాగితే ఊడొస్తాయి, లోపల చోటు ఉంటుంది. రెండూ ఒకే పక్క కలిసి ప్రయాణం చేస్తే కరెంటు వైరులోని రొద సిగ్నల్ వైరులోకి ఎక్కే అవకాశం ఉంది. తప్పనిసరిగా ఒకదాన్ని ఒకటి దాటాల్సి వస్తే అడ్డంగా, కూడలిలా దాటించండి.

ఎర్త్: సగం రోగాలు ఇక్కడే

ఎర్త్ వైరు ప్లస్ వైరు అంత లావు ఉండాలి, పొడవు 45 సెంటీమీటర్లు మించకూడదు. డిక్కీలో గానీ సీటు కింద గానీ ఇనుప బాడీ మీద మంచి చోటు వెతకండి. బాడీ అంటే కారు అసలు చట్రంలో భాగమైన మందపాటి రేకు. పైన అతికించిన పల్చటి బ్రాకెట్ కాదు, సీటు పట్టాలు కాదు. సీటు బెల్టు బోల్టు కింద లగ్గు దూర్చేవాళ్లున్నారు, గట్టిగా ఉంటుందని. ఆ బోల్టు ప్రమాదంలో మీ ప్రాణాన్ని పట్టుకోవడానికి ఉంది, దాని కింద ఇంకో వస్తువు పెట్టొద్దు.

చోటు దొరికాక రూపాయి బిళ్లంత మేర రంగు, దాని కింది ప్రైమర్, రెండూ పోయి ఇనుము తెల్లగా కనిపించేదాకా ఉప్పుకాగితంతో గీకండి. ప్రైమర్ బూడిద రంగులో ఉండి ఇనుమేనేమో అనిపిస్తుంది, అక్కడితో ఆపేస్తారు. మీటరుతో తాకి చూస్తే తెలిసిపోతుంది. లగ్గును క్రింపింగ్ ప్లయర్‌తో నొక్కండి, వైరు పట్టి గుంజితే రాకూడదు. పోగులు మెలిపెట్టి బోల్టు చుట్టూ తిప్పి టేపు చుట్టే పద్ధతి కూతకు పిలుపు. నక్షత్రం వాషరు వేసి బిగించి, పైన కొంచెం గ్రీజు గానీ పెయింటు గానీ రాయండి, తుప్పు పట్టదు. డ్రిల్ చేయాల్సి వస్తే ముందు కారు కిందికి వంగి చూడండి. పెట్రోల్ ట్యాంకు వెనుక సీటు కిందే ఉండే కార్లు ఎక్కువ.

ఎర్త్‌ను నేరుగా బ్యాటరీ మైనస్‌కే లాగితే ఇంకా మంచిది కదా అని అడుగుతుంటారు. కొత్త కార్లలో చాలావాటికి మైనస్ టెర్మినల్ మీద ఒక చిన్న సెన్సర్ ఉంటుంది, బ్యాటరీలోంచి ఎంత పోతోందో లెక్కపెట్టుకుంటుంది. దాన్ని దాటవేసి మైనస్ మీద వైరు పెడితే ఆ లెక్క తప్పుతుంది. బాడీకే ఇవ్వండి.

రిమోట్ వైరు, సిగ్నల్

యాంప్‌ను లేపి పడుకోబెట్టేది సన్నటి రిమోట్ వైరు. బయట కొన్న డెక్ అయితే దాదాపు ఎప్పుడూ నీలం రంగు మీద తెల్ల చార ఉన్న వైరు. చార లేని నీలం వైరు యాంటెన్నాది, కొన్ని డెక్‌లలో రేడియో పెట్టినప్పుడే దానికి కరెంటొస్తుంది. ‘పాటలు పెడితే యాంప్ ఆన్ కావట్లేదు, రేడియోకి అవుతోంది’ అనే వింత కేసుకు మూలం ఇదే.

కంపెనీ డెక్ ఉంచుకుంటే దానికి చాలాసార్లు ఆర్‌సీఏ ఉండదు. యాంప్‌కు హై లెవెల్ ఇన్‌పుట్ ఉంటే స్పీకరు వైర్లే దానికి ఇవ్వొచ్చు, లేకపోతే మధ్యలో లైన్ అవుట్‌పుట్ కన్వర్టర్ అనే చిన్న డబ్బా వేయాలి. రిమోట్‌కు తాళం తిప్పితేనే కరెంటొచ్చే ఫ్యూజ్ నుంచి ఫ్యూజ్ ట్యాప్‌తో తీసుకోవచ్చు. ఏది చేసినా కంపెనీ వైరు కోయొద్దు. మీ కారు మోడల్‌కు సరిపోయే కప్లర్ దొరుకుతుంది, దాన్ని మధ్యలో పెడితే వారంటీ గొడవ వచ్చే అవకాశం తగ్గుతుంది, కారు అమ్మేటప్పుడు తీసేసుకోవచ్చు.

యాంప్‌ను గాలి ఆడేచోట బిగించండి. వూఫర్ పెట్టె మీద వద్దు, ఆ అదురుకు లోపలి సోల్డరింగులు వదిలేస్తాయి.

ఓంలు తప్పితే యాంప్ అలుగుతుంది

స్పీకర్లు కలిపే ముందు మీటరును ఓంల మీద పెట్టి ఒక్కోటి కొలవండి. 4 ఓంల స్పీకరు మీటరు మీద 3.2 నుంచి 3.8 దాకా చూపిస్తుంది, కంగారుపడొద్దు. బ్రిడ్జ్ చేసిన నాలుగు ఛానళ్ల యాంప్‌లు ఎక్కువగా 4 ఓంలకు తగ్గితే ఒప్పుకోవు. బ్రిడ్జ్ చేసినప్పుడు ఒక్కో ఛానలుకూ కనిపించేది అందులో సగమే, 4 ఓంల వూఫర్ పెడితే 2 ఓంలు. 2 ఓంల వూఫర్ పెడితే ఒక్క ఓమే, దాంతో యాంప్ ఎర్ర లైటు వేసి కూర్చుంటుంది.

రెండు కాయిల్స్ ఉన్న వూఫర్ కొంటే ఇంకా జాగ్రత్త. రెండు 4 ఓంల కాయిల్స్‌ను పక్కపక్కన కలిపితే 2 ఓంలు, వరసగా కలిపితే 8. మన యాంప్‌కు రెండు 2 ఓంల కాయిల్స్ ఉన్నది తీసుకుని వరసగా కలిపితే సరిగ్గా 4 వస్తుంది. వూఫర్ కొనే ముందు యాంప్ కాగితం చదవాలి, కొన్నాక కాదు.

గెయిన్ అంటే వాల్యూమ్ కాదు

అన్నీ బిగించాక మైనస్ తగిలించి, జేబులోని ఫ్యూజ్ వేసి, డెక్ ఆన్ చేయండి. పచ్చ లైటో నీలం లైటో వెలిగితే సగం గెలిచినట్టే. మిగతా సగం గెయిన్ నాబ్.

డెక్ నుంచి వచ్చే సిగ్నల్‌కు యాంప్‌ను జత కుదిర్చేదే గెయిన్. దాన్ని చివరిదాకా తిప్పితే ఎక్కువ శబ్దం వస్తుందనుకుని తిప్పేస్తారు. వచ్చేది తల కోసేసిన సిగ్నల్, మాడిన కాయిల్ వాసన. పద్ధతిగా చేయాలంటే స్పీకరు వైర్లు యాంప్ నుంచి విప్పండి. ఈక్వలైజర్లు, బేస్ బూస్ట్ అన్నీ సున్నాకు తెచ్చి, ఫిల్టర్లు ఆపేయండి. గెయిన్ పూర్తిగా తగ్గించి, డెక్ వాల్యూమ్‌ను నాలుగింట మూడు వంతుల దగ్గర పెట్టండి. ఫోన్‌లో టెస్ట్ టోన్ పెట్టండి, వూఫర్ ఛానలుకు 50 హెర్ట్జ్, డోర్ స్పీకర్లకు 1000 హెర్ట్జ్. మీటరును ఏసీ వోల్టుల మీద పెట్టి యాంప్ స్పీకర్ టెర్మినళ్ల మీద ఆనించండి. చౌక మీటర్లు కొన్ని 1000 హెర్ట్జ్ దగ్గర తడబడతాయి, అంకె నమ్మశక్యంగా లేకపోతే డోర్లకు కూడా తక్కువ టోన్ వాడుకోవచ్చు.

ఎన్ని వోల్టులు రావాలి? వాట్లను ఓంలతో గుణించి వర్గమూలం తీయండి. డోర్లకు 50ని 4తో గుణిస్తే 200, వర్గమూలం 14.1. వూఫర్‌కు 150ని 4తో గుణిస్తే 600, వర్గమూలం 24.5. గెయిన్‌ను మెల్లగా తిప్పుతూ ఆ అంకె దగ్గర ఆపండి. మీ స్పీకరు తట్టుకునే వాట్లు యాంప్ కంటే తక్కువైతే స్పీకరు వాట్లతోనే లెక్క వేయండి. డెక్ వాల్యూమ్ అక్కడికి మించి పెంచకూడదని ఇంట్లో పిల్లలకు కూడా చెప్పి పెట్టండి.

తర్వాత ఫిల్టర్లు. డోర్ స్పీకర్లకు హై పాస్ 80 హెర్ట్జ్, అంటే అంతకు పై శబ్దాలే వెళ్తాయి. వూఫర్‌కు లో పాస్ 80 హెర్ట్జ్, అంటే అంతకు కిందివే. అక్కడి నుంచి చెవితో సరిచేసుకోండి. బేస్ బూస్ట్ నేను సున్నాలోనే వదిలేస్తాను.

మొరాయిస్తే

లైటే వెలగలేదంటే మీటరు నల్ల ప్రోబ్ యాంప్ ఎర్త్ టెర్మినల్ మీదే పెట్టి, ఎర్రది ముందు ప్లస్ మీద, తర్వాత రిమోట్ మీద పెట్టండి. ఇంజిన్ ఆపి ఉంటే నిండిన బ్యాటరీకి 12.6 దగ్గర రావాలి. ప్లస్‌లో ఉండి రిమోట్‌లో లేకపోతే డెక్ వెనక చూడండి. రెండింట్లోనూ లేకపోతే నల్ల ప్రోబ్‌ను బాడీ మీద వేరే చోట పెట్టి చూడండి. అప్పుడొస్తే ఎర్త్ దొంగ. రెండూ ఉండీ వెలగకపోతే యాంప్ మీది ఫ్యూజులు తీసి కొలవండి.

ఎర్ర లైటు, అంటే ప్రొటెక్ట్, వస్తే తిట్టుకోకుండా ఒక్కొక్కటే విప్పుకుంటూ రండి.

1. కరెంటు ఆపి, స్పీకరు వైర్లన్నీ యాంప్ నుంచి తీసి మళ్లీ ఆన్ చేయండి. ఎర్ర లైటు పోతే తప్పు స్పీకరు వైపే. ఒక్కో వైరుకూ, కారు బాడీకీ మధ్య ఓంలు కొలవండి, అసలు ఏమీ చూపించకూడదు. చూపిస్తే ఎక్కడో వైరు ఇనుముకు తగిలింది. డోరు మడత దగ్గర నలిగే చోట, కిటికీ గ్లాసు దిగే దారిలో ముందు వెతకండి.
2. ఇంకా ఎర్రగానే ఉంటే ఆర్‌సీఏలు కూడా పీకండి.
3. ప్లస్, ఎర్త్, రిమోట్ మూడే మిగిలినా ఎర్రగానే ఉంటే, వోల్టేజీ కూడా బాగుంటే, అప్పుడు యాంప్ లోపల పోయినట్టు. చాలాసార్లు అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు షార్ట్ అయి ఉంటాయి. రిపేరుకు ఇవ్వండి.

ఇక కూత. ఇంజిన్ వేగంతో పాటు లేచి దిగితే అది ఆల్టర్నేటర్ రొద. యాంప్ దగ్గర ఆర్‌సీఏలు పీకి, ఇంజిన్ నడుపుతూ వినండి. అప్పటికీ ఉంటే ఎర్త్ దగ్గరికి వెళ్లండి. పోతే రొద సిగ్నల్ దారిలో వస్తోంది. అప్పుడు ఛార్జర్‌కు పెట్టని ఫోన్‌ను చిన్న ఆర్‌సీఏ కేబుల్‌తో నేరుగా యాంప్‌కే కలపండి. శుభ్రంగా పాడితే తప్పు డెక్‌లోనో, పొడుగాటి కేబుల్‌లోనో. డెక్ బాడీకీ, ఆర్‌సీఏ పిన్ను బయటి వలయానికీ ఒక వైరు ముక్క ఆనించి చూడండి. కూత ఆగితే డెక్ లోపల ఆర్‌సీఏ ఎర్త్ దారిలోని సన్న ఫ్యూజ్ కాలిపోయింది. కరెంటు ఉండగా ఆర్‌సీఏలు పీకి పెడుతుంటే అలా కాలుతుంది, కాబట్టి పైన చెప్పిన ప్రతిసారీ డెక్ ఆపేసి మరీ పీకండి. ఫోన్ ఛార్జర్‌కు పెట్టి ఆక్స్‌లో పాడించినప్పుడు మాత్రమే వచ్చే రొద వేరే జాతి. దానికి చిన్న గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ చాలు, లేదా బ్లూటూత్ వాడండి.

ఎర్త్‌ను పరీక్షించడానికి ఓంలు కొలిచి మోసపోకండి. పది పోగుల్లో ఒక్కటి ఆనినా మీటరు సున్నా ఓంలే చూపిస్తుంది. 30 ఆంపియర్లు పారినప్పుడే దాని అసలు రంగు బయటపడుతుంది. పొడవాటి వైరు ఒకటి తీసుకుని మీటరు ఒక చివర బ్యాటరీ మైనస్‌కు, ఇంకోటి యాంప్ ఎర్త్ టెర్మినల్‌కు కలిపి, డీసీ వోల్టుల మీద పెట్టి, పాట గట్టిగా పెట్టండి. 0.1 వోల్టు లోపు ఉంటే మీ ఎర్త్ బంగారం. బేస్ కొట్టినప్పుడల్లా అర వోల్టు లేస్తుంటే మళ్లీ ఉప్పుకాగితం పట్టుకోండి.

బేస్ గట్టిగా కొట్టినప్పుడు యాంప్ ఆగి మళ్లీ మొదలైతే, సరిగ్గా ఆ క్షణంలో దాని ప్లస్, ఎర్త్ మధ్య వోల్టేజీ చూడండి. పదకొండుకు, అంతకంటే కిందికి జారుతుంటే వైరో, ఫ్యూజ్ హోల్డరో, ముసలి బ్యాటరీనో. ఫ్యూజ్ హోల్డరును చేత్తో తాకండి, వేడిగా ఉంటే అదే. వోల్టేజీ నిలకడగా ఉండి మే నెల మధ్యాహ్నాలే ఆగుతుంటే అది వేడి, ఎండలో నిలబెట్టిన కారు డిక్కీలో యాంప్ చల్లబడటానికి గాలే ఉండదు.

అంతా పనిచేస్తూ బేస్ మాత్రం పల్చగా ఉంటే ఒక డోరు స్పీకరు ప్లస్ మైనస్‌లు తారుమారయ్యాయి. యాంప్ నుంచి విప్పిన వైర్లకు గోడ గడియారం బ్యాటరీని క్షణం తాకించండి. బ్యాటరీ ప్లస్ వైరు ప్లస్‌కు ఇచ్చినప్పుడు కోన్ బయటికి రావాలి. లోపలికి పోతే తిప్పి కలపండి.

రెండు రోజులు కారు కదపకపోతే బ్యాటరీ పడుకుంటోందా? డెక్ ఆపి, తాళం తీసి, తలుపులు వేసి, ఐదు నిమిషాలు ఆగి యాంప్ రిమోట్ టెర్మినల్ మీద మీటరు పెట్టండి. సున్నా రావాలి. 12 చూపిస్తే ఆ నీలం వైరును ఎవరో ఎప్పుడూ కరెంటుండే పసుపు వైరుకు కలిపేశారు. డెక్ బయటికి లాగి చూడాల్సిందే.